తీర్పు గెలిచాక వచ్చే కోపం

ప్రమోషన్ కేసు హైకోర్టులో గెలిచిన ఉద్యోగి మొదటి రోజు సెక్షన్ మొత్తానికి స్వీట్లు పంచుతాడు. రెండో నెలకల్లా ఎవరైనా "ఏమైందండీ మీ ఆర్డరు?" అని అడిగితే మాట మార్చేస్తాడు. మూడో నెలలో యూనియన్ నాయకుడో, పక్క సీటాయనో భుజం మీద చెయ్యేసి, "ఇంకా చూస్తారేంటి సార్, సీసీ వేసి పడేయండి. పెద్దసారే కోర్టులో చేతులు కట్టుకుని నిలబడతాడు" అంటాడు. ఇక ఆ రాత్రి నిద్ర పట్టదు. తన జూనియర్ సూపరింటెండెంట్ కుర్చీలో కూర్చున్న రోజు, రిప్రజెంటేషన్ చదవకుండానే పక్కన పడేసిన ఆఫీసరు మొహం, లంచ్ టైములో వెనక నుంచి వినపడిన నవ్వు వరసగా గుర్తొస్తాయి. తెల్లారేసరికి అతనికి ప్రమోషన్ కంటే ఆ ఆఫీసరు తల దించుకోవడమే ముఖ్యమైపోతుంది.

ఈ అధ్యాయం అలాంటి తెల్లవారుజాము కోసం. సర్వీసు రూల్స్ చెప్పే పుస్తకాలు మార్కెట్లో బోలెడున్నాయి. తీర్పు చేతికొచ్చాక మనసును, కాగితాలను ఎలా సర్దుకోవాలో చెప్పేవే తక్కువ.

కోపం తప్పని నేననను. పదేళ్లు ఒకే సీట్లో ఉండి, పై కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని ఎదురుచూసిన మనిషికి కోపం రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. తెలంగాణలో 2021లో రిటైర్మెంట్ వయసు 61కి, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 62కి పెరిగాయి. పైవాళ్లకు అది వరమే గాని, కిందివాళ్లకు ఇంకో రెండు మూడేళ్ల నిరీక్షణ. అందుకే ఒక్క సీనియారిటీ నంబరు కోసం ఇంత యుద్ధం. నేననేదల్లా ఒకటే. సీసీ అని పిలిచే కోర్టు ధిక్కరణ పిటిషన్ ఈ కోపాన్ని మొయ్యడానికి పుట్టింది కాదు. తీర్పులో రాసిన మాటను అమలు చేయించే చిన్న, ఇరుకైన పనిముట్టు అది. దాన్ని అంతవరకే వాడినవాళ్లు బాగుపడ్డారు. పగ తీర్చుకోవడానికి ఎత్తినవాళ్లు చాలామంది మళ్లీ మొదటికొచ్చారు, ఈసారి రెండేళ్లు ఆలస్యంగా.

అసలు అందులో ఏముందో చూడండి. 1971 నాటి కోర్టు ధిక్కరణ చట్టం ప్రకారం కోర్టు ఆదేశాన్ని బుద్ధిపూర్వకంగా ఉల్లంఘిస్తే అది సివిల్ ధిక్కరణ. గరిష్ఠ శిక్ష 6 నెలల సాధారణ జైలు, 2000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఆ 2000 ఇన్నేళ్లకూ 2000గానే ఉంది, పైగా అది మీ ఖాతాలో పడదు. కోర్టుకు నచ్చేలా మనస్ఫూర్తిగా క్షమాపణ చెబితే శిక్ష రద్దు చేసే వీలు కూడా అదే చట్టంలో ఉంది. 2022 మార్చి 31న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఎనిమిది మంది ఐఏఎస్ అధికారులకు రెండు వారాల జైలు విధించినప్పుడు రాష్ట్రమంతా అదే మాట. స్కూళ్ల ఆవరణల్లో గ్రామ సచివాలయాల వంటి భవనాలు కట్టొద్దన్న ఆదేశాలు అమలు చేయకపోవడం వాళ్ల మీది అభియోగం. క్షమాపణ చెప్పుకోవడంతో జైలు కాస్తా, ఏడాదిపాటు నెలకో ఆదివారం సంక్షేమ హాస్టల్‌కు వెళ్లి సేవ చేయమన్న ఆదేశంగా మారింది. ఐఏఎస్‌ల సంగతే అలా ముగిస్తే మీ జిల్లా అధికారి జైలుకు వెళతాడన్న ఊహ మీద మీ రాబోయే రెండేళ్లు ఖర్చు పెట్టకండి.

ఇంకొక సంగతి చాలామంది వకీళ్లు చెప్పరు. ధిక్కరణ కేసు కోర్టుకూ, ఉల్లంఘించిన వ్యక్తికీ మధ్య వ్యవహారం. మీరు ఆ కబురు కోర్టుకు చేరవేసిన మనిషి మాత్రమే. శిక్ష పడితే ఆ అధికారి 19వ సెక్షన్ కింద అప్పీలుకు వెళ్లవచ్చు. శిక్ష వేయకుండా కేసు మూసేస్తే ఆ సెక్షన్ కింద మీకు అప్పీలు లేదు. సుప్రీంకోర్టు ప్రత్యేక అనుమతి కోరడం ఒక్కటే మిగులుతుంది. ఆ ఖర్చు ఎంతో మీ ఇంట్లోవాళ్లను అడిగి తెలుసుకోండి.

చివరి పేరా

తీర్పు ఎన్ని పేజీలున్నా ధిక్కరణ నిలబడేది చివరి పేరా మీద. మిగతా పేజీల్లో జడ్జిగారు మీ బాధను ఎంత బాగా రాసినా, అధికారుల తీరును ఎంత గట్టిగా కడిగేసినా, అమలు చేయవలసింది ఆ నాలుగు లైన్లే. కాబట్టి స్వీట్ బాక్స్ తెరవకముందే ఆ పేరా మూడుసార్లు చదవండి. వీలైతే చేత్తో ఒక కాగితం మీద తిరగరాయండి. తిరగరాస్తుంటే అందులో లేనివి కూడా కనపడతాయి.

"పిటిషనర్‌కు ఆయన జూనియర్ ప్రమోషన్ పొందిన తేదీ నుంచి ప్రమోషన్ ఇచ్చి, తదనుగుణ ప్రయోజనాలన్నీ 8 వారాల్లో చెల్లించాలి" అని ఉంటే మీ చేతిలో ఉన్నది గట్టి తీర్పు. గడువు దాటితే ధిక్కరణకు అన్ని విధాలా తగిన సందర్భం. "తిరస్కరణ ఉత్తర్వు కొట్టివేస్తున్నాం, పై పేరాల్లో చెప్పిన అంశాల వెలుగులో మళ్లీ నిర్ణయం తీసుకోవాలి" అని ఉంటే కొంచెం మెత్తనిది. అయినా అధికారి ఆ అంశాలను తప్పించుకుని రాయలేడు.

మూడోది అన్నిటికంటే ఎక్కువగా కనపడేది. "పిటిషనర్ ఇచ్చిన వినతిని నిబంధనల ప్రకారం పరిశీలించి 8 వారాల్లో తగు ఉత్తర్వులు జారీ చేయాలి." కేసు వినకుండా, అడ్మిషన్ దశలోనే, ప్రభుత్వ ప్లీడరు (జీపీ) గారు అభ్యంతరం లేదనగానే వచ్చే ఆర్డరు ఇది. వకీలు ఫోన్ చేసి "ఆర్డరొచ్చిందండీ" అంటాడు. మీరు గెలిచామనుకుంటారు. నిజానికి మీ హక్కు గురించి కోర్టు ఒక్క మాట కూడా అనలేదు. 2006లో ఏపీఎస్ఆర్టీసీకి సంబంధించిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి ఆదేశాల గురించి విడిగా వివరించింది. యోగ్యాయోగ్యాలు తేల్చకుండా పరిశీలించమన్నంత మాత్రాన ఇవ్వమని అర్థం కాదు, నిర్ణయం అధికారిదేనని. ఎప్పుడో చచ్చిపోయిన క్లెయిము ఇలాంటి ఆదేశంతో బతికి రాదని 2008లో మరో కేసులో చెప్పింది. పదిహేనేళ్ల కిందట తప్పిపోయిన ప్యానల్ మీద ఇవాళ ఒక రిప్రజెంటేషన్ పెట్టి, దానిమీద ఒక ఆర్డరు తెచ్చుకుని, దానిమీద సీసీ వేసే దారి అక్కడే మూసుకుపోయింది.

ఎనిమిదో వారంలో మీకు స్పీకింగ్ ఆర్డరు, అంటే కారణాలు రాసిన ఉత్తర్వు, వస్తుంది. "గౌరవ హైకోర్టు ఆదేశాల మేరకు పిటిషనర్ వినతిని క్షుణ్ణంగా పరిశీలించడమైనది. నిబంధనలు అనుమతించనందున తిరస్కరించడమైనది." రెండు పేజీలు, కింద సంతకం, దాని కింద గుండ్రటి స్టాంపు. చదివిన మనిషికి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. కానీ చట్టం దృష్టిలో ఆదేశం అమలైపోయింది. 1996లో రాజస్థాన్ ఉద్యోగుల సీనియారిటీ జాబితా గొడవలో, సర్వీసు లాయర్లు పరిహార్ కేసని పిలిచే తీర్పులో, సుప్రీంకోర్టు ఇది తేల్చేసింది. ఆదేశం మేరకు అధికారి ఒక ఉత్తర్వు ఇచ్చాక అది ఒప్పో తప్పో ధిక్కరణ కోర్టు చూడదు. తప్పయితే అది కొత్త కేసుకు కారణమవుతుంది, కొత్త రిట్ వేసుకోవాలి. 2014లో ఓఎన్‌జీసీ కేసులో ఇంకో గీత గీసింది. అసలు తీర్పులో లేని అదనపు పోస్టులను ధిక్కరణ విచారణలో సృష్టించమన్న మద్రాసు హైకోర్టు ఆదేశాన్ని పక్కన పెట్టింది. తీర్పు నాలుగు గోడల మధ్యే ఉండాలంది.

అంటే ఏం చేయాలి? మొదటి రిట్ వేసేటప్పుడే, ఇంకా కోపం రాకముందే, ప్రార్థన పేరాను జాగ్రత్తగా రాయించుకోవాలి. ఏ తేదీ నుంచి, ఏ కేటగిరీకి, ఏ ప్యానల్ సంవత్సరంలో, జూనియర్ ఎవరు, నోషనలా లేక డబ్బుతో సహానా అనేది అందులో ఉండాలి. దెబ్బతినే సహోద్యోగులను ప్రతివాదులుగా చేర్చాలి. లేకపోతే మీరు గెలిచినా "మమ్మల్ని వినలేదు" అని వాళ్లు రేపు వస్తారు, న్యాయంగానే వస్తారు. వకీలు అడ్మిషన్ దశలో "పరిశీలించమని తెచ్చుకుందామండీ, తొందరగా అయిపోతుంది" అంటే, ఆ తొందర ఎవరిదో ఒక్కసారి అడగండి.

ఒక సంవత్సరం

ఇది చిన్న భాగమే, కానీ మనుషులు ఎక్కువగా మునిగేది ఇక్కడే. ధిక్కరణ జరిగిందంటున్న తేదీ నుంచి ఒక సంవత్సరం దాటితే కేసు మొదలుపెట్టడానికి 20వ సెక్షన్ అడ్డు. 8 వారాల గడువుంటే, ఆ గడువు ముగిసిన మర్నాటి నుంచి లెక్క. మీరు పెట్టిన రిమైండర్లు, ఆఫీసరు "ఫైలు సర్క్యులేషన్‌లో ఉందండీ" అన్న రోజులు ఈ లెక్కలోంచి తగ్గవు. రోజూ అమలు చేయట్లేదు కాబట్టి రోజూ కొత్త ధిక్కరణే కదా అని వాదించేవాళ్లున్నారు. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక భూమి కేసులో సుప్రీంకోర్టు 2024 జులైలో ఆ వాదనకు తేలిగ్గా తల ఊపలేదు.

అందుకని ఒక తెల్ల కాగితం తీసుకుని నాలుగు తేదీలు రాసి బీరువా తలుపు లోపల అంటించండి. తీర్పు తేదీ, సర్టిఫైడ్ కాపీ ఆఫీసులో ఇచ్చి ఇన్‌వార్డ్ ముద్ర వేయించుకున్న తేదీ, గడువు ముగిసే తేదీ, అక్కడి నుంచి ఏడాది నిండే తేదీ. నాలుగో తేదీని ఎర్ర సిరాతో రాయండి. ఈ కాగితానికి ఇంకో ఉపయోగం ఉంది. రాత్రి మెలకువ వచ్చి గుండె దడదడలాడినప్పుడు మనసు కాలాన్ని పొడిగించి చూపిస్తుంది, "ఎన్నేళ్లయిందో" అంటుంది. కాగితం చూస్తే ఎనభై రోజులే అయ్యుంటాయి.

ఆఫీసరు మారితే మళ్లీ ఇంకో పని. ధిక్కరణ కుర్చీ మీద కాదు, ఆదేశం తెలిసీ అమలు చేయని మనిషి మీద. కొత్తగా వచ్చిన ఆయన చార్జి తీసుకున్న వారంలోపే తీర్పు కాపీ మళ్లీ ఒకటి, అక్నాలెడ్జ్‌మెంట్‌తో రిజిస్టర్డ్ పోస్టులో వెళ్లాలి. "పాతాయనకు ఇచ్చాం కదా" అన్నది కోర్టులో నిలవని మాట.

విధేయుడు అని రాయండి

గడువు దాటాక, సీసీకి ముందు, ఒక ఉత్తరం రాయాలి. చట్టం తప్పనిసరి అనకపోయినా రాయాలి. ఉల్లంఘన బుద్ధిపూర్వకమని చూపించడానికి ఇంతకంటే మంచి కాగితం ఉండదు. చాలామంది ఈ ఉత్తరాన్ని చెడగొట్టుకుంటారు. "మీరు కావాలనే, కక్షపూరితంగా, ఫలానా వర్గానికి కొమ్ముకాస్తూ..." అని మొదలుపెట్టి మూడు పేజీలు నింపుతారు. రేపు అదే ఉత్తరాన్ని అవతలివాళ్లు తమ కౌంటర్‌కు జతచేసి, పిటిషనర్‌కు అధికారి మీద వ్యక్తిగత ద్వేషం ఉందంటారు. రాయవలసింది ఇంతే:

"డబ్ల్యూపీ నంబరు ఫలానాలో గౌరవ హైకోర్టు ఫలానా తేదీన ఇచ్చిన ఉత్తర్వు సర్టిఫైడ్ ప్రతిని ఫలానా తేదీన తమ కార్యాలయంలో అందజేశాను. ఉత్తర్వులో పేర్కొన్న 8 వారాల గడువు ఫలానా తేదీతో ముగిసింది. ఉత్తర్వు అమలుపై తీసుకున్న చర్యను తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. ఇట్లు, తమ విధేయుడు."

విధేయుడు అని రాయడానికి చెయ్యి రాదు. రాయండి. ఆ మాటతో మీ గౌరవం తగ్గదు, మీ ఉత్తరం గౌరవం పెరుగుతుంది. ప్రాపర్ ఛానెల్ ద్వారా ఒక ప్రతి, నేరుగా ఒక ప్రతి. తర్వాత పదిహేను రోజులు దాని గురించి సెక్షన్‌లో ఎవరితోనూ మాట్లాడకండి. ఇదే కష్టమైన భాగం. సీసీ వేస్తానని చాయ్ దగ్గర పదిమందితో అన్న మనిషి, వేయవలసిన అవసరం లేకపోయినా, మాట పోతుందని వేసేస్తాడు.

వేశాక కూడా అదే ఆఫీసులో పని చేయాలి కదా. సెలవు చీటీ ఆయన బల్ల మీదికే వెళ్లాలి, ఇంక్రిమెంటు ఆయన సంతకంతోనే రావాలి. ధిక్కరణ కేసు ఫారం-1 నోటీసు అందుకున్న అధికారి మర్నాడు కారిడార్లో ఎదురైతే ఎప్పటిలాగే నమస్కారం పెట్టండి. నటన అవసరం లేదు, నవ్వాల్సిన పనీ లేదు. కోర్టుకు ఆయన హాజరైన రోజున గ్యాలరీలో కూర్చుని ఫోన్లో ఫొటో తీయాలన్న కోరిక కలిగితే బయటికి వచ్చి టీ తాగండి. 2024 జనవరిలో ఉత్తరప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు ఒక పద్ధతి రాసి ఇచ్చింది. అధికారులను కోర్టుకు అలవాటుగా పిలవొద్దు, పిలిచినా ముందు వీడియో ద్వారా అవకాశం ఇవ్వాలి, వాళ్ల దుస్తుల మీద, చదువు మీద వ్యాఖ్యలు వద్దు. అంటే మీరు ఊహించుకున్న ఆ చేతులు కట్టుకునే దృశ్యం జరగకపోవచ్చు, ఆయన తన చాంబర్లోంచే స్క్రీన్ మీద కనపడి "రెండు వారాలు టైమివ్వండి" అనవచ్చు. ఆ రెండు వారాల్లో ఉత్తర్వు వస్తే మీ పని అయినట్టే.

ఆఫీసరు కంటే కష్టమైంది పక్క కుర్చీ. సీనియారిటీ జాబితాలో ఒకరు పైకి వస్తే ఒకరు కిందికి దిగాలి. రివర్షన్ అయ్యేది చాలాసార్లు మీతోపాటు పదేళ్లు లంచ్ బాక్స్ పంచుకున్న మనిషే. ఒక ఆఫీసులో ఇలాంటి మాటలే నడిచాయి.

"అక్కా, నా కేసు మీ మీద కాదు, గవర్నమెంటు మీద."

"తెలుసు తమ్ముడూ. కానీ వెనక్కి వెళ్లేది గవర్నమెంటు కాదుగా."

దీనికి జవాబు లేదు. జవాబు వెతక్కండి. ఆమె తప్పేమీ చేయలేదని నలుగురిలో ఒక్కసారి అనండి, అంతకు మించి సంజాయిషీలు ఇవ్వొద్దు. తీర్పులో ఆమె జీతం రికవరీ కావాలని మీరు అడగకపోతే, అడగలేదన్న సంగతి ఆమెకు తెలియనివ్వండి. ఆ ఒక్క వాక్యంతో సెక్షన్ వాతావరణం ఎంత మారుతుందో చూస్తారు.

రూలే మారిపోతే

ప్రమోషన్ హక్కు కాదు, ప్రమోషన్‌కు పరిగణించబడటం హక్కు. సర్వీసులో చేరిన ప్రతివాడూ ఇది వింటాడు, ఎవడూ నమ్మడు. నమ్మడానికి రెండు కథలు చెబుతాను, రెండూ నిజమైనవే.

మొదటిది మన రిజిస్ట్రేషన్ శాఖది. ఆంధ్రప్రదేశ్ పాత రూల్స్‌లో సబ్-రిజిస్ట్రార్ గ్రేడ్-2 ప్రమోషన్‌కు ఎల్‌డీసీలకూ అవకాశం ఉండేది. ఏటా సెప్టెంబరులో ప్యానల్ తయారు కావాలి. 1976లో కాలేదు. 1977లో రూలు మారిపోయి యూడీసీలకే అవకాశం అన్నారు. ప్యానల్ సకాలంలో వేసి ఉంటే మాకు వచ్చేదే కదా అని గుమాస్తాలు కోర్టుకెక్కారు. 1983లో సుప్రీంకోర్టు వాళ్ల వైపు నిలిచింది. పాత ఖాళీలకు పాత రూలే వర్తిస్తుందంది. అదే రంగయ్య కేసు. దేశమంతటా ఉద్యోగులు ఆ పేరును తాయెత్తులా కట్టుకున్నారు. రిప్రజెంటేషన్ల మీద రిప్రజెంటేషన్లు ఆ పేరుతోనే నడిచాయి. 2022 మే 20న హిమాచల్‌ప్రదేశ్‌కు చెందిన రాజ్‌కుమార్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ సూత్రం సరికాదని రంగయ్య తీర్పును పక్కన పెట్టేసింది. ఆ తీర్పు రాసింది మన తెలుగువారే, జస్టిస్ పమిడిఘంటం శ్రీ నరసింహ. ఇప్పటికీ కొందరు వకీళ్లు రంగయ్య పేరుతో డ్రాఫ్టు పట్టుకొస్తారు. మీకు అలాంటి డ్రాఫ్టు వస్తే, "2022 తర్వాత ఇది నిలుస్తుందాండీ?" అని మర్యాదగా అడగండి. ఆయన మొహంలోనే మీకు సమాధానం దొరుకుతుంది.

రెండోది కర్ణాటకది. రిజర్వేషన్ ద్వారా ప్రమోషన్ పొందినవారికి ఆ పై పోస్టులో సీనియారిటీ కూడా ఇవ్వాలని ఆ రాష్ట్రం 2002లో చట్టం చేసింది. 2017 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు పవిత్ర కేసులో ఆ నిబంధనలు కొట్టేసింది. వెనకబాటు, ప్రాతినిధ్యం వంటివి లెక్కలతో చూపించలేదని, మూడు నెలల్లో సీనియారిటీ జాబితాలు సవరించమని, ఆ పై మూడు నెలల్లో మిగతా చర్యలు తీసుకోమని చెప్పింది. జనరల్ కేటగిరీ ఉద్యోగులు సంబరపడ్డారు. రాష్ట్రం గడువు పొడిగించమంది. గడువులు దాటాయి, ధిక్కరణ పిటిషన్లు పడ్డాయి. ఈలోగా ప్రభుత్వం కె. రత్నప్రభ కమిటీతో లెక్కలు తీయించింది. ఆ నివేదిక ఆధారంగా కొత్త చట్టం చేసింది. 2018 జూన్‌లో దానికి రాష్ట్రపతి ఆమోదం దక్కింది. 2019 మే 10న, రెండో పవిత్ర కేసులో, అదే సుప్రీంకోర్టు ఆ కొత్త చట్టం చెల్లుతుందంది.

ఇప్పుడు ఆ రెండేళ్ల మూడు నెలల్లో రెండు పక్కలా ఉన్న మనుషులను ఊహించండి. 2017లో గెలిచి, ఇక పై పోస్టు వచ్చినట్టేనని ఇంటి లోను ఈఎంఐ పెంచుకున్నవాళ్లు. రివర్షన్ భయంతో పిల్లల పెళ్లి వాయిదా వేసుకున్న ఎస్సీ, ఎస్టీ ఉద్యోగులు. 2019కి రెండు లెక్కలూ తారుమారయ్యాయి. ఇందులో ఎవరిది న్యాయం, ఎవరిది అన్యాయం అన్నది ఈ పుస్తకం తేల్చే విషయం కాదు. ప్రమోషన్లలో రిజర్వేషన్‌కు వీలిచ్చే రాజ్యాంగం 16(4ఎ) అధికరణం 1995లో వచ్చింది, 2001లో సీనియారిటీ కోసం మళ్లీ సవరించారు, 2006లో నాగరాజ్ తీర్పు, 2018లో జర్నైల్ సింగ్ తీర్పు, 2022 జనవరిలో మళ్లీ జర్నైల్ సింగ్. దేశమే ముప్పై ఏళ్లుగా తేల్చుకుంటున్న లెక్క అది. మీరు చూసుకోవలసింది మీ ఇంటి లెక్క. కోర్టు ఆదేశం అమల్లో ఉండగా, దాని పునాదిని శాసనసభ కొత్త చట్టంతో తీసేయగలదు. అప్పుడు ధిక్కరణ పిటిషన్ గాలిలో నిలబడుతుంది. కాబట్టి తీర్పు వచ్చిన రోజున కాదు, ప్రమోషన్ ఉత్తర్వు అంది, జాయినింగ్ రిపోర్టు ఇచ్చి, పే ఫిక్సేషన్ అయ్యాకే కొత్త జీతం మీద అప్పు చేయండి. పిల్లలతో "నాన్న తహసీల్దారు అయిపోయాడు" అని చెప్పడం కూడా అప్పుడే. పిల్లలకు వాయిదాలు అర్థం కావు.

రేపు మీ బల్ల మీదికి

ఇప్పటిదాకా మిమ్మల్ని పిటిషనర్‌గానే చూశాను. కానీ ప్రమోషన్ వచ్చిన మర్నాటి నుంచి మీరు ప్రతివాది. ఇంకొకరి తీర్పు కాపీ మీ ఇన్‌వార్డ్‌లో పడుతుంది. నిన్నటిదాకా అధికారులను తిట్టిన మనిషే ఇవాళ ఆ ఫైలును "చూద్దాం" అని కింద పెట్టేయడం నేను ఎంతమందిలోనో చూశాను.

గుంటూరు కేసు ప్రతి కొత్త ఆఫీసరూ తెలుసుకోవాలి. గుడిసెలు తొలగించవద్దని హైకోర్టు చెప్పాక కూడా ఒక తహసీల్దారు 2014 జనవరిలో పోలీసులను వెంటబెట్టుకుని తొలగించారు. హైకోర్టు రెండు నెలల జైలు విధించింది. ఈలోగా ఆయనకు డిప్యూటీ కలెక్టరుగా ప్రమోషన్ వచ్చింది. 2025 మే 9న సుప్రీంకోర్టు జైలుకు బదులు ఆయన్ను మళ్లీ తహసీల్దారు స్థాయికి దించి, లక్ష రూపాయల జరిమానా వేసింది. జైలుకు పంపితే ఉద్యోగమే పోతుందని కోర్టు ఆలోచించింది గనుక అంతటితో సరిపోయింది. ప్రమోషన్ కోసం ధిక్కరణ కేసులు వేసే వ్యవస్థలో, ధిక్కరణ వల్ల ప్రమోషన్ పోగొట్టుకున్న మనిషి ఆయన.

మీ బల్ల మీదికి తీర్పు వచ్చిన రోజునే నోట్‌ఫైల్ మొదలుపెట్టండి. ఆదేశం ఏమిటో మీ మాటల్లో రెండు లైన్లు రాయండి, గడువు తేదీ మార్జిన్‌లో వేయండి. తీర్పు తప్పనిపిస్తే తప్పని అనుకునే హక్కు మీకుంది, అమలు చేయకుండా కూర్చునే హక్కు లేదు. అప్పీలు వేశాం అన్నది జవాబు కాదు. స్టే వస్తేనే జవాబు. అప్పీలులో స్టే పిటిషన్ పెండింగ్‌లో ఉంటే దాన్ని ముందు వినాలని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది కాబట్టి, ఆ పిటిషన్‌కు నంబరు పడిందా, లిస్టయిందా అని జీపీ ఆఫీసుకు మీరే మనిషిని పంపండి. రోస్టర్ పాయింట్లు తేలలేదు, డీపీసీ (ప్రమోషన్ కమిటీ) కూర్చోలేదు, ఆర్థిక శాఖ అనుమతి రాలేదు, ఇవి నిజమైన ఇబ్బందులే. అయితే వాటిని ధిక్కరణ కౌంటర్‌లో మొదటిసారి చెబితే సాకులు. అదే గడువు ముగియకముందే పొడిగింపు పిటిషన్‌లో చెబితే కారణాలు. ఉద్యోగి మీ ముందు నిలబడి "సార్, నా ఆర్డరు?" అని అడిగితే కూర్చోమనండి. ఫైలు ఏ టేబుల్ మీద ఉందో, ఏది అడ్డుగా ఉందో, ఏ తేదీకి తేలుతుందో మూడు వాక్యాల్లో చెప్పండి. తేదీ తెలియకపోతే తెలియదనే చెప్పండి, "వచ్చే వారం రండి" అనకండి.